ఫిజియోథెరపీలో అల్ట్రాసౌండ్ చిత్రీకరణ: ప్రయోజనాలు, పరిమితులు, భారతీయ చట్టపరిధి

వ్యాససంగ్రహం

శరీరాంతర్భాగాలను ధ్వనితరంగాల సాయంతో చూపే అల్ట్రాసౌండ్ చిత్రీకరణ గర్భిణుల పరీక్షకు, ఉదరవ్యాధుల నిర్ధారణకు మాత్రమే పరిమితమైనదని సామాన్యాభిప్రాయం. గత నాలుగు దశాబ్దాలుగా ఈ విధానం కండరాల పరిమాణాన్ని, సంకోచ తీరును కొలిచే సాధనంగా ఫిజియోథెరపీలో కూడా స్థానం సంపాదించుకుంది. ఈ విధానం వెనుక ఉన్న భౌతికసూత్రాలను, దాని చారిత్రక వికాసాన్ని, చికిత్సాలయంలో దాని వినియోగాన్ని, కొలతలలో దొర్లే దోషాలను, పరిశోధనాధారాల బలాబలాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లింగనిర్ధారణ నిషేధ చట్టం అమలులో ఉన్న భారతదేశంలో ఈ సాధనాన్ని ఫిజియోథెరపిస్టు ఏ మేరకు వినియోగించగలరన్న ప్రశ్నను కూడా ఇది పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అల్ట్రాసౌండ్ చిత్రీకరణ, ఫిజియోథెరపీ, మల్టిఫిడస్, బయోఫీడ్‌బ్యాక్, పునరావాసం, గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం

ఫిజియోథెరపిస్టు పరీక్షకు ప్రధానమైన పనిముట్లు కళ్ళు, చేతులు. రోగి నడకను చూడడం, కీలు ఎంతవరకు వంగుతుందో కొలవడం, కండరాన్ని తాకి దాని బిగువును అంచనా వేయడం ఈ వృత్తికి పునాది. చర్మానికి దగ్గరగా ఉన్న కండరాల విషయంలో ఈ పద్ధతి చాలావరకు చాలుతుంది. వెన్నుపూసలను అంటిపెట్టుకొని లోతుగా ఉన్న కండరాలు, పొట్టగోడలో అడుగుపొరగా ఉన్న కండరం, మూత్రాశయాన్ని కింది నుండి మోసే శ్రోణితల కండరాలు మాత్రం చేతికి స్పష్టంగా అందవు. అవి పనిచేస్తున్నాయా, లేదా పైపొర కండరాలే వాటి పనిని కూడా చేస్తున్నాయా అన్నది స్పర్శతో తేల్చడం కష్టం.

ఈ లోటును పూరించడానికి వచ్చిన మార్గాలలో అల్ట్రాసౌండ్ చిత్రీకరణ ముఖ్యమైనది. ఎక్స్‌రే, సి.టి. స్కాన్లలో ఉండే అయనీకరణ వికిరణం ఇందులో లేదు. ఎం.ఆర్.ఐ. ఎంతో స్పష్టమైన చిత్రాన్ని ఇచ్చినా, రోగి యంత్రంలో కదలకుండా పడుకోవలసి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో రోగి కాలు ఎత్తుతున్నప్పుడు, నిలబడినప్పుడు, ఊపిరి పీల్చుతున్నప్పుడు కండరం ఏమి చేస్తున్నదో అదే క్షణంలో తెరపై కనిపిస్తుంది. కదలికే ప్రధానమైన ఫిజియోథెరపీకి ఈ గుణం అత్యంత ఉపయుక్తం. అయితే సులభంగా కనిపించినది సులభంగా అర్థమవుతుందని భావించరాదు. సాధనపు శక్తితోపాటు దాని హద్దులను కూడా ఎరగడం పరిశోధకులకు, అధ్యాపకులకు అవసరం.

2. ఒకే పేరు, రెండు సాధనాలు

చర్చకు ముందు ఒక గందరగోళాన్ని తొలగించవలసి ఉంది. ఫిజియోథెరపీ విభాగాలలో "అల్ట్రాసౌండ్" అనగానే చాలాకాలంగా గుర్తుకు వచ్చేది చికిత్సాయంత్రం. మోకాలికో భుజానికో జెల్ రాసి, గుండ్రటి లోహపు తలను మెల్లగా తిప్పే ఈ యంత్రం సాధారణంగా 1 లేదా 3 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేస్తుంది. ఇందులో ధ్వనిశక్తిని కణజాలంలోకి పంపడమే లక్ష్యం. తిరిగివచ్చే ప్రతిధ్వనితో పని లేదు. తెలుగునాట రోగులు దీనిని ఇతర విద్యుత్ చికిత్సలతో కలిపి "కరెంటు పెట్టించుకోవడం" అంటారు.

చిత్రీకరణ యంత్రం లక్ష్యం ఇందుకు భిన్నం. ఇది అతిస్వల్ప కాలవ్యవధి గల ధ్వనిస్పందనలను పంపి, ఎక్కువ సమయం ప్రతిధ్వనులను వినడంలోనే గడుపుతుంది. మొదటిది చికిత్స, రెండవది పరీక్ష. ఈ రెండింటి ఆధారబలం కూడా వేరు. చికిత్సా అల్ట్రాసౌండ్‌పై 1975 – 1999 మధ్య వెలువడిన 35 యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగాలను రాబర్ట్‌సన్, బేకర్ 2001లో సమీక్షించారు. వాటిలో ఆమోదయోగ్యమైన పద్ధతిని పాటించినవి పదే అని, ఆ పదింటిలో రెండు మాత్రమే ఉత్తుత్తి చికిత్స కన్న మేలైన ఫలితాన్ని చూపాయని తేల్చారు. చికిత్సాయంత్రంపై ఉన్న ఈ సందేహాన్ని చిత్రీకరణకు అంటగట్టడం, చిత్రీకరణకు ఉన్న గౌరవాన్ని చికిత్సాయంత్రానికి అరువివ్వడం రెండూ పొరపాట్లే. ఈ వ్యాసంలోని చర్చ చిత్రీకరణకే పరిమితం.

3. ధ్వని నుండి చిత్రం: భౌతికసూత్రాలు

మానవుని చెవికి వినిపించే ధ్వని పౌనఃపున్యపు గరిష్ఠ హద్దు సుమారు 20,000 హెర్ట్జ్. అంతకుమించిన ధ్వనులను అతిధ్వనులు అంటారు. వైద్యచిత్రీకరణలో వాడేవి సుమారు 2 నుండి 18 మెగాహెర్ట్జ్ వరకు ఉంటాయి. ప్రోబ్‌లోని పీజోవిద్యుత్ స్ఫటికాలు విద్యుత్ స్పందనను ధ్వనిగాను, తిరిగివచ్చిన ధ్వనిని విద్యుత్ సంకేతంగాను మారుస్తాయి. ఈ ఫలితాన్ని 1880లో ఫ్రెంచి సోదరులు జాక్ క్యూరీ, పియరీ క్యూరీ కనుగొన్నారు.

మృదుకణజాలంలో ధ్వనివేగం సెకనుకు సగటున 1540 మీటర్లుగా యంత్రం పరిగణిస్తుంది. ఆ లెక్కన ఒక సెంటీమీటరు లోతున ఉన్న పొర నుండి ప్రతిధ్వని తిరిగి రావడానికి సుమారు 13 మైక్రోసెకన్లు పడుతుంది. ఎంతసేపటికి వచ్చిందో దానినిబట్టి లోతును, ఎంత బలంగా వచ్చిందో దానినిబట్టి బిందువు ప్రకాశాన్ని యంత్రం నిర్ణయిస్తుంది. అటువంటి బిందువుల సమాహారమే తెరపై కనిపించే బూడిదరంగు చిత్రం. ఎముక ధ్వనిని దాదాపు పూర్తిగా వెనక్కు పంపుతుంది గనుక తెల్లని గీతగాను, దాని వెనుక భాగం నల్లని నీడగాను కనిపిస్తుంది. నిండిన మూత్రాశయంలోని ద్రవం ప్రతిధ్వనిని ఇవ్వదు గనుక నల్లగా ఉంటుంది. కండరం ముదురు నేపథ్యంలో సన్నని తెల్లని చారలతోను, దానిని చుట్టిన పొర ప్రకాశవంతమైన గీతగాను కనిపిస్తాయి. గాలి ధ్వనిని అడ్డుకుంటుంది. చర్మానికి, ప్రోబ్‌కు మధ్య జెల్ రాయడం ఆ గాలిపొరను తొలగించడానికే.

పౌనఃపున్యపు ఎంపికలో ఒక బేరం ఉంది. 3 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు అర మిల్లీమీటరు. 10 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 0.15 మిల్లీమీటరు. తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ సూక్ష్మమైన తేడాలు తెలుస్తాయి. కాని అధిక పౌనఃపున్యపు ధ్వని త్వరగా క్షీణించి లోతుకు చేరదు. అందువల్ల భుజం, మణికట్టు, మడమ వంటి చోట్ల అధిక పౌనఃపున్యం గల సరళరేఖా ప్రోబ్‌ను, నడుము, ఉదరం, శ్రోణి వంటి లోతైన చోట్ల తక్కువ పౌనఃపున్యం గల వంపు ప్రోబ్‌ను వాడతారు. ఈ వంపు ప్రోబ్ గర్భస్థ శిశువును చూపగలిగినదే కావడం ఈ వ్యాసం చివర చర్చించే చట్టసమస్యకు మూలం.

4. చారిత్రక నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ తీయడానికి పాల్ లాంజెవిన్ చేసిన కృషి అతిధ్వని సాంకేతికతకు బాట వేసింది. 1942లో ఆస్ట్రియా వైద్యుడు కార్ల్ డుసిక్ మెదడులోని కంతులను ధ్వనితో గుర్తించే ప్రయత్నాన్ని ప్రచురించాడు. ఆ చిత్రాలలో కనిపించినది చాలావరకు పుర్రె ఎముక ప్రభావమేనని తరువాత తేలింది. కనిపించినదంతా సత్యం కాదన్న హెచ్చరిక ఈ విద్య ఆరంభంలోనే ఉందన్నమాట. గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనల్డ్ లోహపు పలకలలో పగుళ్ళను వెతికే పారిశ్రామిక యంత్రంతో ప్రయోగాలు ఆరంభించి, జాన్ మాక్‌వికర్, ఇంజనీరు టామ్ బ్రౌన్‌లతో కలిసి 1958లో లాన్సెట్ పత్రికలో ఉదరంలోని గడ్డలపై తన పరిశోధనను ప్రకటించాడు.

కండరాల అధ్యయనం ఆ తరువాత పదేళ్ళకు మొదలైంది. 1968లో జపాన్ శాస్త్రవేత్తలు ఇకాయి, ఫుకునాగ మోచేతిని వంచే కండరాల అడ్డుకోత వైశాల్యాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, ప్రమాణ వైశాల్యానికి ఎంత బలం వస్తుందో లెక్కించారు. 1980లో ఆర్చీ యంగ్ బృందం తొడ ముందుభాగపు కండరాల క్షీణతను ఇదే విధంగా కొలిచింది. చికిత్సాలయాల్లో వాడే టేపు కొలత అసలు క్షీణతను తక్కువ చేసి చూపుతుందని ఈ పరిశోధనతో తెలియవచ్చింది. తొడ చుట్టుకొలతలో కొవ్వు, వెనుకభాగపు కండరాలు, ఎముక కూడా కలిసి ఉండడమే ఇందుకు కారణం. టేపు చాలని చోట చిత్రం అవసరమని తేల్చిన తొలి అధ్యయనాలలో ఇది ఒకటి.

ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్, గ్వెన్ జుల్, కరొలిన్ రిచర్డ్‌సన్, బ్రిటన్‌లో మరియా స్టోక్స్ వంటివారి కృషితో 1990లలో ఈ రంగం విస్తరించింది. 2006 మే నెలలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన సదస్సు "పునరావాస అల్ట్రాసౌండ్ చిత్రీకరణ" అనే భావనకు నిర్వచనం ఇచ్చింది. వ్యాయామం లేదా శారీరక కార్యం చేస్తున్నప్పుడు కండరాల, వాటి అనుబంధ మృదుకణజాలాల ఆకృతిని, పనితీరును అంచనా వేసి, నాడీకండర వ్యవస్థను మెరుగుపరిచే చికిత్సకు తోడ్పడడం దాని సారాంశం. రోగనిర్ధారణ ఈ నిర్వచనంలో లేదు. 2019లో విట్టేకర్ తదితరులు ప్రచురించిన వ్యాసం ఫిజియోథెరపిస్టుల అల్ట్రాసౌండ్ వినియోగాన్ని పునరావాసం, రోగనిర్ధారణ, చిత్రం ఆధారంగా సూది వంటి ప్రక్రియలు, పరిశోధన అని నాలుగుగా విభజించి, ఒక్కొక్కదానికి తగిన శిక్షణ ఉండాలని సూచించింది. ఏ దేశంలో ఏ విభాగం ఫిజియోథెరపిస్టు పరిధిలోకి వస్తుందన్నది అక్కడి చట్టాన్ని బట్టి మారుతుంది.

5. చికిత్సాలయంలో వినియోగం

5.1 నడుమునొప్పి – మల్టిఫిడస్ కండరం

వెన్నుపూసలకు ఇరువైపులా ఉండే మల్టిఫిడస్ కండరంపై జరిగిన పరిశోధన ఈ రంగానికి ఉదాహరణప్రాయమైనది. 1994లో హైడ్స్ బృందం ఇటీవలే నడుమునొప్పి మొదలైన 26 మందిని, ఆరోగ్యవంతులైన 51 మందిని పరీక్షించింది. ఆరోగ్యవంతులలో కుడి ఎడమల మధ్య తేడా సగటున 3 శాతం ఉండగా, రోగులలో 31 శాతం ఉంది. కండరం చిన్నదైనది నొప్పి ఉన్న వైపునే. 1996లో 39 మందితో చేసిన అధ్యయనంలో మరో ముఖ్యాంశం బయటపడింది. తొలిసారి వచ్చిన నడుమునొప్పి చాలామందిలో నాలుగు వారాలలోనే తగ్గింది. కాని నొప్పితోపాటు కండరం దానంతట అది కోలుకోలేదు. నిర్దిష్ట వ్యాయామం చేసిన వారిలోనే కండరం తిరిగి పెరిగింది. 2001లో ప్రకటించిన దీర్ఘకాల ఫలితాల ప్రకారం ఏడాదిలోపు నొప్పి మళ్ళీ వచ్చినవారు వ్యాయామవర్గంలో 30 శాతం కాగా, సాధారణ వైద్యం పొందిన వర్గంలో 84 శాతం.

నొప్పి తగ్గడం, కండరం కోలుకోవడం ఒకటి కాదని ఈ అధ్యయనాలు చూపాయి. "నొప్పి పోయింది కదా" అని చికిత్స మానుకునే రోగికి చెప్పవలసిన మాట ఇదే. అయితే ఇవి చిన్న బృందాలపై జరిగినవన్న సంగతిని, వ్యాయామవర్గానికి అల్ట్రాసౌండ్ తెర సాయంతోనే కండరసంకోచాన్ని నేర్పారన్న సంగతిని విస్మరించరాదు. ఫలితంలో వ్యాయామపు వాటా ఎంత, తెర వాటా ఎంత అన్నది వీటి నుండి విడదీయలేము.

5.2 ఉదరకుడ్యం

పొట్ట పక్కభాగంలో ప్రోబ్ ఉంచితే మూడు కండరపు పొరలు ఒకదానికింద ఒకటిగా కనిపిస్తాయి. వాటిలో అట్టడుగున ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. "ఊపిరి బిగపట్టకుండా బొడ్డును మెల్లగా వెన్నువైపు లాక్కోండి" అని చెప్పినప్పుడు ఈ అడుగుపొర మందమై పక్కకు జారడం తెరపై కనిపించాలి. మూడు పొరలూ ఒక్కసారిగా బిగుసుకుంటే రోగి పైకండరాలతోనే పని కానిస్తున్నాడని అర్థం. ప్రసవానంతరం పొట్ట మధ్యగీతకు ఇరువైపులా ఉన్న నిలువు కండరాల ఎడాన్ని కొలవడానికి కూడా ఇదే విధానం ఉపకరిస్తుంది. వేళ్ళతో కొలిచే పద్ధతి కన్న ఇందులో తేడా మిల్లీమీటర్లలో తెలుస్తుంది.

5.3 శ్రోణితల కండరాలు

ప్రసవానంతరం, రుతువిరతి తరువాత, పురుషులలో ప్రొస్టేట్ శస్త్రచికిత్స తరువాత మూత్రం ఆపుకోలేని సమస్య తలెత్తవచ్చు. శ్రోణితల కండరాల వ్యాయామం ఇందుకు ప్రథమచికిత్స. అయితే ఈ కండరాలు కంటికి కనిపించవు. బిగించమన్నప్పుడు కొందరు పిరుదులను బిగిస్తారు. కొందరు ముక్కుతారు, అంటే చేయవలసినదానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తారు. పొత్తికడుపుపై ప్రోబ్ ఉంచి చూస్తే, నిండిన మూత్రాశయపు అడుగుభాగం సరైన సంకోచంలో పైకి లేస్తుంది. ముక్కినప్పుడు కిందికి దిగుతుంది. రోగి ఈ తేడాను తానే చూసి సరిదిద్దుకోగలదు. దీనినే బయోఫీడ్‌బ్యాక్ అంటారు. అంతర్గత పరీక్షకు సంకోచించే స్త్రీలకు దుస్తులు పూర్తిగా తొలగించనవసరం లేని ఈ పద్ధతి ఎంతో ఊరట. అయితే ఇందులో కనిపించేది కదలిక మాత్రమే, కండరబలం కాదు. పైగా స్థిరమైన ఎముక గుర్తు చిత్రంలో లేనందువల్ల ఇద్దరు రోగుల కొలతలను పోల్చడం సబబు కాదు.

5.4 భుజం

పక్షవాతం తరువాత భుజపుకీలు కిందికి జారడం తరచు కనిపించే సమస్య. భుజాగ్రపు ఎముకకు, దండ ఎముక తలపై ఉన్న ఉబ్బుకు మధ్య దూరాన్ని రెండువైపులా కొలిచి పోల్చితే జారుడు ఎంత ఉందో తెలుస్తుంది. చేయి ఎత్తేటప్పుడు స్నాయుబంధనాలు, అంటే వాడుకలో టెండన్లు, ఎముక కింద ఎలా జారుతున్నాయో కదలికలోనే చూడవచ్చు. టెండన్ల చిరుగులు, వాపులు గుర్తించడం మాత్రం రోగనిర్ధారణ పరిధిలోనిది. దానికి వేరే శిక్షణ, వేరే అధికారం అవసరం.

5.5 అత్యవసర చికిత్సా విభాగం

తీవ్ర అస్వస్థతలో ఉన్న రోగి కండరాలు వేగంగా కరిగిపోతాయి. 2013లో పుతుచెరి తదితరులు జామా పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో తొడ ముందుభాగపు రెక్టస్ ఫిమొరిస్ కండరపు అడ్డుకోత వైశాల్యం పదవ రోజుకే 17.7 శాతం తగ్గినట్లు అల్ట్రాసౌండ్ కొలతల్లో తేలింది. మాట్లాడలేని, ఆదేశాలను పాటించలేని రోగిలో బలాన్ని పరీక్షించే ఇతర మార్గం లేనప్పుడు ఇటువంటి కొలత విలువైనది. అదే విధంగా డయాఫ్రమ్ అనే ఉదరవితానం ఊపిరి పీల్చినప్పుడు ఎంత శాతం మందమవుతున్నదో కొలిచి, కృత్రిమశ్వాస యంత్రం నుండి రోగిని తప్పించే సన్నాహంలో ఒక సూచికగా వాడుతున్నారు. ఈ పెరుగుదల 20 శాతం కన్న తక్కువగా ఉంటే ఉదరవితానం బలహీనపడిందని అనుమానిస్తారు.

6. కొలతల విశ్వసనీయత

అల్ట్రాసౌండ్ చిత్రం ఫొటో వంటిది కాదు. పరీక్షించే చేతిని బట్టి మారుతుంది. ప్రోబ్‌ను కాస్త గట్టిగా నొక్కితే కింది కండరం అణగి పలుచగా కనిపిస్తుంది. ప్రోబ్‌ను లంబంగా కాక వాలుగా పట్టుకుంటే తెల్లగా కనిపించవలసిన టెండన్ నల్లబడి, లేని చిరుగు ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ఊపిరి పీల్చి ఉన్నప్పుడు ఒకసారి, విడిచినప్పుడు మరొకసారి కొలిస్తే పొట్టకండరాల కొలతలు పోలికకు పనికిరావు.

ఈ దోషాల పర్యవసానం చిన్నది కాదు. విశ్రాంతిలో ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ మందం పెద్దలలో సాధారణంగా 3 – 4 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అందులో అర మిల్లీమీటరు తప్పు జరిగితే అసలు కొలతలో ఆరవ వంతో ఎనిమిదవ వంతో తప్పినట్లే. ఆరు వారాల వ్యాయామంతో వచ్చిన పెరుగుదల అంతే అయితే, అది కండరపు మార్పో కొలిచినవారి చేతి మార్పో చెప్పలేము. అందువల్ల రోగి భంగిమ, ప్రోబ్ స్థానం, శ్వాసదశ ఒకే విధంగా ఉంచడం, ఒకే వ్యక్తి కొలవడం, రెండుమూడు చిత్రాల సగటు తీసుకోవడం, కొలతదోషాన్ని మించిన మార్పునే మార్పుగా పరిగణించడం తప్పనిసరి. ఈ అంశంపై సిద్ధాంతగ్రంథం రాసే పరిశోధకులు ముందుగా తమ కొలతల పునరావృత విశ్వసనీయతను స్థాపించి, ఆ తరువాతే చికిత్సాఫలితం జోలికి వెళ్ళవలసి ఉంటుంది.

మందం పెరగడం, కండరం శ్రమించడం ఒకటే అన్న భావన కూడా సరికాదు. హాడ్జెస్ తదితరుల 2003 నాటి అధ్యయనం ప్రకారం స్వల్ప సంకోచంలో మందం గణనీయంగా మారుతుంది. సంకోచం తీవ్రమయ్యేకొద్దీ ఆ మార్పు మందగిస్తుంది. కనుక తెరపై చిత్రం కండరపు విద్యుత్ క్రియను కొలిచే ఇ.ఎం.జి.కి ప్రత్యామ్నాయం కాదు.

7. ఆధారాల బలాబలాలు

కండరం కనిపించడం వేరు, కనిపించినందువల్ల రోగికి మేలు జరగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని గమనించకపోవడం ఈ రంగంలో తరచు జరిగే పొరపాటు. 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష లోతుకండరాలను లక్ష్యంగా చేసుకున్న కదలిక నియంత్రణ వ్యాయామాలను పరిశీలించింది. దీర్ఘకాల నడుమునొప్పిలో అవి ఇతర వ్యాయామాల కన్న చెప్పుకోదగిన మేలు చేస్తాయని ఆ సమీక్షలో తేలలేదు. లోతుకండరాన్ని విడిగా బిగించడం నేర్చుకోకపోతే నడుము కుదుటపడదన్న వాదనను ఇది బలహీనపరుస్తుంది. అల్ట్రాసౌండ్ వినియోగానికి ఇది పూర్తి వ్యతిరేకం కాదు. ప్రతి నడుమునొప్పి రోగికీ తెర అవసరమన్న అత్యుత్సాహానికి మాత్రం వ్యతిరేకమే.

రెండవ ప్రమాదం అతినిర్ధారణ. 2011లో గిరీశ్ తదితరులు భుజంలో ఏ నొప్పీ లేని 40 – 70 ఏళ్ళ పురుషులు 51 మందికి అల్ట్రాసౌండ్ పరీక్ష చేయగా 96 శాతం మందిలో ఏదో ఒక అసాధారణత కనిపించింది. నొప్పి లేనివారిలోనే ఇంతగా కనిపించినప్పుడు, నొప్పి ఉన్నవారిలో కనిపించిన ప్రతి మార్పునూ నొప్పికి కారణంగా చూపడం తర్కసమ్మతం కాదు. "మీ నరం చిరిగింది", "కండరం ఎండిపోయింది" వంటి మాటలు విన్న రోగి ఆ అవయవాన్ని కదపడానికే భయపడవచ్చు. కదలికే చికిత్స అయిన చోట ఆ భయం చికిత్సకు అడ్డంకి. రోగికి ధైర్యమివ్వవలసిన తెర భయకారణం కారాదు.

8. భారతదేశంలో చట్టపరిధి

అనేక దేశాలలో ఫిజియోథెరపిస్టు తగిన శిక్షణ పొంది ఈ యంత్రాన్ని స్వయంగా వాడగలుగుతున్నారు. భారతదేశంలో పరిస్థితి భిన్నం. ఆ భిన్నత్వానికి బలమైన సామాజిక కారణం ఉంది. అల్ట్రాసౌండ్ యంత్రం దేశంలో ఆడశిశువుల భ్రూణహత్యకు సాధనమైంది. ఆరేళ్ళలోపు పిల్లలలో ప్రతి వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991 జనాభా లెక్కల్లో 945, 2001లో 927. 2011 నాటికి అది 920 కన్న దిగువకు చేరింది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికి 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2003లో సవరణలతో అది గర్భధారణపూర్వ, గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టంగా బలపడింది.

ఈ చట్టం ప్రకారం గర్భస్థ శిశువు లింగాన్ని కనుగొనగల యంత్రం ఉన్న ప్రతి కేంద్రమూ నమోదు చేయించుకోవాలి. చట్టంలోని 3బి సెక్షన్ నమోదు కాని వ్యక్తులకు అటువంటి యంత్రాన్ని అమ్మడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘనకు మొదటిసారి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, పదివేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చిన్న యంత్రాలను చోటు మార్చి వాడడంపై 2012 నాటి నియమాలు ఆంక్షలు పెట్టాయి. యంత్రాన్ని నడపడానికి చట్టం గుర్తించిన అర్హతలు వైద్యపట్టాకు, ఆ పై శిక్షణకు సంబంధించినవి. ఫిజియోథెరపీ పట్టా వాటిలో లేదు. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల సంఘం చట్టం ఫిజియోథెరపీకి వృత్తిపరమైన గుర్తింపునిచ్చినా, లింగనిర్ధారణ చట్టపు నిబంధనలను అది తొలగించలేదు.

ఇక్కడొక వైచిత్రి గమనార్హం. ఈ చట్టం రక్షించదలచినది స్త్రీజాతిని. ఫిజియోథెరపీలో ఈ యంత్రం అధికంగా మేలుచేయగల రంగాలలో ఒకటి ప్రసవానంతర స్త్రీల శ్రోణితల, ఉదర సమస్యలు. ఆ పరీక్షకు కావలసినది గర్భాన్ని చూపగల వంపు ప్రోబే. అంటే ఒక తరం స్త్రీల ప్రాణాన్ని కాపాడే నిబంధన మరో తరం స్త్రీల పునరావాస సాధనాన్ని దూరం చేస్తున్నది. అయినా చట్టాన్ని వృత్తికి అడ్డంకిగా మాత్రమే చూడడం న్యాయం కాదు. మినహాయింపు పేరుతో తెరిచిన చిన్న కిటికీ కూడా దుర్వినియోగానికి దారి కాగలదని గత అనుభవం చెబుతున్నది.

ప్రస్తుత పరిధిలో ఆచరణీయమైన మార్గం సహకారం. నమోదైన ఆసుపత్రిలో, అర్హుడైన వైద్యుడు యంత్రాన్ని నిర్వహిస్తుండగా, రోగి చేయవలసిన కదలికను ఫిజియోథెరపిస్టు నేర్పడం, చిత్రంలోని కండరక్రియను ఇద్దరూ కలిసి విశ్లేషించడం సాధ్యమే. వైద్యకళాశాలలకు అనుబంధమైన ఫిజియోథెరపీ కళాశాలలకు ఇది మరింత అనువైనది. పరిశోధక విద్యార్థులు నైతికసమితి అనుమతితోపాటు యంత్రపు నమోదు, నిర్వాహకుని అర్హత వివరాలను కూడా తమ ప్రణాళికలో స్పష్టపరచడం శ్రేయస్కరం. వంపు ప్రోబ్ అమర్చే వీలులేని, సరళరేఖా ప్రోబ్‌కే పరిమితమైన యంత్రాలకు వేరే నియమావళి ఉండవచ్చునా అన్నది విధానకర్తలు, వృత్తిసంఘాలు, స్త్రీహక్కుల ఉద్యమకారులు కలిసి చర్చించవలసిన అంశం.

9. పరిభాష, రోగితో సంభాషణ

తెలుగు మాట్లాడే రోగి మనసులో "స్కానింగ్" అన్న మాట గర్భంతోనో, పెద్ద జబ్బుతోనో ముడిపడి ఉంది. పొత్తికడుపుపై ప్రోబ్ పెడుతున్నప్పుడు చూస్తున్నది ఏమిటో, చూడనిది ఏమిటో ముందే చెప్పడం సమ్మతి పొందడంలో భాగం. "లోపలి కండరం కదులుతున్నదో లేదో చూస్తాము, జబ్బు వెతకడానికి కాదు" అన్న ఒక్క వాక్యం చాలా అపోహలను తొలగిస్తుంది.

వ్యాయామపు సూచనలూ అంతే ముఖ్యం. ఆంగ్లపాఠ్యగ్రంథాలలోని ఆదేశాలను మాటకు మాట అనువదిస్తే రోగికి అందవు. "శ్రోణితల కండరాలను సంకోచింపజేయండి" అనేది వ్యాసానికి తగిన భాష; "మూత్రం మధ్యలో ఆపుకున్నట్లు లోపలికి, పైకి బిగించండమ్మా" అనేది చికిత్సకు తగిన భాష. ఏ సూచనకు కండరం సరిగా స్పందిస్తున్నదో తెరపై వెంటనే కనిపిస్తుంది గనుక, తెలుగు సూచనలను పోల్చి ఉత్తమమైనదానిని ఎంపిక చేయడానికి అల్ట్రాసౌండే కొలమానం కాగలదు. భాషాశాస్త్ర, ఫిజియోథెరపీ విభాగాలు కలిసి చేయదగిన పరిశోధన ఇది. అదే విధంగా వాడుకలో టెండన్‌ను, రక్తనాళాన్ని, నాడిని కూడా "నరం" అనే అంటారు. రోగి "నరం" అన్నప్పుడు దేనిని ఉద్దేశించాడో తెలుసుకోకుండా, చికిత్సకుడు అదే మాటను మరో అర్థంలో వాడితే చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అవగాహన మసకబారుతుంది.

10. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• అల్ట్రాసౌండ్ చిత్రీకరణ చేతికి అందని లోతుకండరాల ఆకృతిని, కదలికను వికిరణం లేకుండా, కదలికలో ఉండగానే చూపుతుంది. చికిత్సా అల్ట్రాసౌండ్‌తో దీనిని కలగలపరాదు.

• నొప్పి తగ్గినా కండరం కోలుకోకపోవచ్చునన్న గ్రహింపు ఈ సాధనం ఫిజియోథెరపీకి ఇచ్చిన విలువైన జ్ఞానం.

• కొలత ప్రోబ్ పట్టిన చేతిపై ఆధారపడుతుంది. విశ్వసనీయతను స్థాపించని కొలతపై కట్టిన ఫలితం నిలబడదు.

• కనిపించిన ప్రతి మార్పూ రోగం కాదు. చిత్రం రోగి కథనానికి, శారీరక పరీక్షకు తోడు మాత్రమే.

• భారతదేశంలో దీని వినియోగం లింగనిర్ధారణ నిషేధ చట్టానికి లోబడి, అర్హులైన వైద్యుల సహకారంతో సాగవలసినది.

• రోగికి అర్థమయ్యే తెలుగు సూచనల రూపకల్పన ఇంకా జరగవలసిన పరిశోధన.

మంచి ఫిజియోథెరపిస్టు చేతిలో ఈ తెర రోగికి తన శరీరాన్ని తానే నేర్పించుకునే అద్దం వంటిది. అద్దంలో ఏమి చూడాలో, ఏమి చూడకూడదో నేర్పవలసిన బాధ్యత మాత్రం అధ్యాపకులది, పరిశోధకులది.